బరాహా జట్టు తొలి కోచ్ రెడ్డెమ్మ

కువైట్‌లో బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకు బరాహా క్లబ్ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. గల్ఫ్ కప్పులు గెలిచిన జట్టు అది. మంచి జీతాలిచ్చి బయటి దేశాల ఆటగాళ్ళను తెచ్చుకునే జట్టు. ఆట బిగుసుకునేసరికి జనం లేచి నిలబడి ‘ఇడుసూ, ఇడుసూ’ అని ఒకే గొంతుతో అరుస్తారు. ఆ మాటను అరబీ అక్షరాల్లో కుట్టిన కండువాలు దుకాణాల్లో వేలాడుతుంటాయి. అది పూర్వం ముత్యాల కోసం సముద్రంలోకి పోయిన ఓడలవాళ్ళ కేక అని క్లబ్బువాళ్ళు చెప్పుకుంటారు.

శుద్ధ అబద్ధం. అది రైల్వే కోడూరు మాట. బంతి చేతిలోంచి ‘విడువు’ అని దానికర్థం. దాన్ని ఆ దేశానికి పట్టుకుపోయిన మనిషి రెడ్డెమ్మ. ఆమె బతికే ఉంది, కువైట్‌లోనే ఉంది. ఆమె కళ్ళెదుటే ఆమెను ఆ జట్టు కథలోంచి ఎలా తుడిచేశారో చెప్పకుండా ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

రెడ్డెమ్మ కోడూరులో బాలికల హైస్కూల్లో చదివింది. అక్కడ డ్రిల్లు మేడమ్ ఒకామె ఉండేది. స్కూలు వెనక నేల చదును చేయించి, రెండు గుంజలు పాతించి, ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పింది. రెడ్డెమ్మ పొడగరి, పరుగు బాగా వచ్చు. జిల్లా జట్టులో చేరి అనంతపురం దాకా పోయి ఆడి వచ్చింది. పదో తరగతి అయ్యాక ఆట ఆగిపోయింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది. బొప్పాయి తోట బోరు ఎండిపోయింది. మొగుడు లారీ మీద పోయి తిరిగి ఇంటి మొహం చూడలేదు. పిల్లను అక్క దగ్గర వదిలి, ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు పోయిన దారినే ఆమె కూడా కువైట్ విమానం ఎక్కింది. గల్ఫ్ యుద్ధం ముగిసి రెండు మూడేళ్ళయిన రోజులు అవి.

ఆమె చేరిన ఇల్లు జాబ్రియాలో. యజమానురాలి పేరు లుల్వా. ఇంట్లో అందరిలాగే రెడ్డెమ్మ కూడా ఆమెను మామా, అంటే అమ్మా, అని పిలిచేది. పెద్దకొడుకు జాసిమ్‌కు అప్పటికి పదిహేనేళ్ళు. ఇంటి వెనక, నాలుగిళ్ళ గోడల మధ్య ఖాళీ జాగా ఉండేది. అలాంటి జాగాను కువైట్‌వాళ్ళు బరాహా అంటారు. జాసిమ్ తన వయసు పిల్లలతో అక్కడ బంతాట మొదలుపెట్టాడు. ఆ ఇంటి కారు డ్రైవర్ అబ్దుల్ బాసిత్, రాయచోటి మనిషి, ఇరవై దాటిన కుర్రాడు. అల్ రాయ్‌లో తనకు తెలిసిన షెడ్డులో ఇనుప రింగు ఒకటి వెల్డింగ్ చేయించి తెచ్చి గోడకు బిగించింది అతనే. పిల్లలు నలుగురే ఉంటే అయిదోవాడిగా తనే దిగేవాడు.

ఒక సాయంత్రం రెడ్డెమ్మ చెత్త సంచీ పడేయడానికి వెనక తలుపు తీసింది. బంతి దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి వచ్చింది. సంచీ కింద పెట్టి బంతి తీసుకుంది. ఎన్నేళ్ళయిందో దాన్ని పట్టుకుని. విసిరితే గోడకు కొట్టుకుని పక్కకు పోయింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె పరుగున పోయి బంతి తెచ్చుకుని, నల్ల అబాయా మోకాళ్ళ దాకా ఎత్తి చెక్కుకుని, ఈసారి కాస్త ఆగి వేసింది. బంతి రింగులోంచి జారి కింద పడింది. నవ్వు ఆగిపోయింది.

ఆ తరువాత మామా మధ్యాహ్నం కునుకు తీసే వేళ రెడ్డెమ్మ బరాహాలో ఉండేది. అరచేత్తో బంతిని బాదకూడదు, వేళ్ళతో నొక్కాలి అని చూపించింది. మోచెయ్యి ఎక్కడుండాలో, ఏ కాలి మీద లేవాలో చూపించింది. అప్పటికి ఆమెకు వచ్చిన అరబీ పది ముక్కలు. మిగతాదంతా తెలుగే. జాసిమ్‌కు ఒక జబ్బు ఉండేది. బంతి చేతికొస్తే ఎవరికీ ఇచ్చేవాడు కాదు. గుండెలకు హత్తుకుని చుట్టూ తిరిగేవాడు. రెడ్డెమ్మకు వాడితోనే పని. “ఇడుసు, ఇడుసు” అని వాడి వెంట పడేది. కొన్నాళ్ళకు పిల్లలంతా ఒకరినొకరు అదే మాటతో అరుచుకోవడం మొదలైంది.

పక్కింటివాళ్ళు చూశారు. ఖద్దామా, అంటే పనిమనిషి, మగపిల్లలతో ఆడుతోందని లుల్వా చెవిలో వేశారు. లుల్వా నిద్ర మానుకుని వచ్చి చూసింది. బరాహాలోనే, ఆ పిల్లల ముందే, కాలి చెప్పు తీసి రెడ్డెమ్మను కొట్టింది. ఇంకోసారి వెనక గడప దాటితే ఇండియాకు పంపించేస్తానంది. బాసిత్ అడ్డం రాబోతే వాడినీ తిట్టింది. జాసిమ్ బంతి పట్టుకుని నిలబడి చూశాడు తప్ప నోరు విప్పలేదు. చిన్నవాడు, తల్లికి భయపడ్డాడు, అనుకుందాం.

గడప దాటొద్దన్నారు, సరే. వంటింటి కిటికీ బరాహా వైపే ఉండేది. రెడ్డెమ్మ గిన్నెలు తోముతూ ఆట చూసేది. ఎవడైనా బంతిని అట్టిపెట్టుకుంటే సబ్బు చేతులతోనే కిటికీ చువ్వలు పట్టుకుని “ఇడుసూ” అని కేకేసేది. ఆ కేక వినబడగానే బంతి చేయి మారాల్సిందే. అలా ఆడీ ఆడీ ఆ పిల్లలకు బంతిని క్షణం కూడా ఆపని ఆట అబ్బింది. చుట్టుపక్కల ఏ జట్టూ వాళ్ళ ముందు నిలవలేకపోయింది. ఇవాళ పేపర్లలో ‘బరాహా శైలి’ అని గొప్పగా రాసే ఆట అదే.

కొన్నేళ్ళకు జాసిమ్ తండ్రి, మరికొందరు పెద్దమనుషులు కలిసి ఆ జట్టును క్లబ్‌గా నమోదు చేయించారు. పేరు బరాహా అనే ఉంచారు. పరాయి దేశం నుంచి కోచ్ వచ్చాడు. అప్పటిదాకా అందరికన్నా బాగా ఆడిన బాసిత్‌ను మాత్రం, పౌరుడివి కావని చెప్పి, పక్కన పెట్టారు. అతను ఆ నెలలోనే ఆ ఇంటి ఉద్యోగం మానేసి అల్ రాయ్‌లో టైర్ల షాపులో చేరాడు. ఇప్పుడు ఆ షాపులో వాటాదారు. వాళ్ళ ఆట టీవీలో వస్తే షాపులో ఛానల్ మార్చేస్తాడు.

రెడ్డెమ్మ అలా కాదు. ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. జాసిమ్ పెద్ద ఆటగాడయ్యాడు, కెప్టెన్ అయ్యాడు, తండ్రి పోయాక క్లబ్ అధ్యక్షుడయ్యాడు, ఆమె ఇఖామాకు, అంటే ఆ దేశంలో ఉండే అనుమతికి, పూచీ పడే కఫీల్ కూడా అయ్యాడు. టీవీలో వేలమంది ‘ఇడుసూ’ అని అరుస్తుంటే ఆమె వంటింట్లో తనలో తను నవ్వుకునేది. నాకెందుకు పేరు రాలేదని ఒక్కనాడూ అడగలేదు. తిరుపతిలో నర్సుగా చేస్తున్న కూతురికి ఫోన్ చేసి, మీ అమ్మ మాట కోయిటంతా అరుస్తాండారు అని చెప్పుకుని మురిసిపోయేది. అంతటితో ఆమెకు చాలు.

ఇది మంచితనం. ఈ మంచితనాన్ని వాడుకోవడం లోకానికి బాగా తెలుసు.

మొన్నామధ్య జట్టు పుట్టి ముప్పై ఏళ్ళు నిండాయి. పెద్ద ఉత్సవం తలపెట్టారు. జట్టు పుట్టుక గురించి సినిమా తీయడానికి కెమెరాలవాళ్ళు జాబ్రియా ఇంటికి వచ్చారు. లుల్వాకు ఎనభై దాటాయి. మోకాళ్ళు పట్టేసి చక్రాల కుర్చీలో ఉంటోంది. జ్ఞాపకం ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. రెడ్డెమ్మే ఆమెకు స్నానం చేయించి, మంచి బట్టలు వేసి, అత్తరు రాసి తయారుచేసింది. వాళ్ళు ఆ కుర్చీని వంటింట్లోకి తోసుకుపోయారు. ఆ కిటికీ దగ్గర పెట్టారు.

కెమెరాల పెద్ద లుల్వాకు ఏం చెప్పాలో నేర్పాడు. పిల్లలు ఆడుతుంటే ఈ కిటికీలోంచి ఆమే కేకలేసి హుషారు చేసేదట. ఆ కేకను ఆమె తన తండ్రి దగ్గర, ముత్యాల ఓడ మీద పనిచేసినాయన దగ్గర నేర్చుకుందట. రెడ్డెమ్మ కెమెరా వెనక మందుల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. విన్నది సరిగ్గా విన్నానా లేదా అని ఆమెకు మొదట అనుమానం వచ్చింది. లుల్వా ఒకసారి రెడ్డెమ్మ వైపు చూసింది. తరువాత కెమెరా వైపు తిరిగి, నేర్పినదంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. జాసిమ్ అక్కడే ఉన్నాడు. బాగుంది మామా, అన్నాడు. రెడ్డెమ్మ నీడ గోడ మీద పడుతోందని కెమెరా పెద్ద ఆమెను బయటికి పొమ్మన్నాడు.

తన వంటింట్లోంచి, తను ముప్పై ఏళ్ళు నిలబడిన కిటికీ దగ్గర్నించి ఆమెను బయటికి పొమ్మన్నారు.

కెమెరాలు వెళ్ళిపోయాక జాసిమ్ కాఫీ కోసం వంటింట్లోకి వచ్చాడు. రెడ్డెమ్మ కాఫీ పెట్టలేదు. ఇద్దరూ మాట్లాడుకునేది అరబీలోనే. ఆమె దాన్ని తరువాత నాకు తన మాటల్లో చెప్పింది. ఆ మాటల్లోనే రాస్తున్నాను.

“ఆ కేక ఎవురిది బాబా?” అని అడిగింది.

జాసిమ్ చేతిలో ఫోన్ చూసుకుంటూ, అది సినిమావాళ్ళు రాసుకున్న కథ అన్నాడు. ఇప్పుడు అవన్నీ ఎందుకన్నాడు.

“నేను అడిగింది సినిమా గురించి కాదు. నీకు తెల్సా లేదా?”

“తెలుసు,” అన్నాడు. తలెత్తాడు. “తెలుసు రద్దా. కానీ ఏమని చెప్పమంటావు? ఖద్దామా నేర్పిన జట్టు అని అవతలి క్లబ్బులవాళ్ళు ఎగతాళి చేస్తారు. మైదానంలోకి గిన్నెలు తోమే పీచు విసురుతారు. ఇంతమంది ఆటగాళ్ళ పరువు నేనేం చేసుకోవాలి?”

రద్దా అనేది, తెలుగు పేరుకు నోరు తిరగక, బరాహాలో ఆడే రోజుల్లో వాడు ఆమెకు పెట్టుకున్న పేరు. ఆ పేరుతో పిలుస్తూనే వాడు ఆ మాట అన్నాడు. మరిచిపోయి ఉంటే ఆమె క్షమించేది. అంతా గుర్తుంది. గుర్తుండే సిగ్గుపడ్డాడు. తనను కొట్టిన రోజు కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పుట్టించిందని రెడ్డెమ్మ చెప్పింది.

“నా పేరు చెప్పకపోయినా ఒప్పుకున్నా బాబా. ఇన్నేండ్లు ఒప్పుకునే ఉండా. చెప్పకపోవడం ఒకటి, అబద్ధం చెప్పడం ఇంకోటి. నా నోట్లో మాట గుంజుకోని పోయి మీ తాత నోట్లో పెడ్తిరే. నన్ను చెప్పుతో కొట్టినామెను ఆ కిటికీ కాడ కూచోబెడ్తిరే. నేను మీ పండగకు రాను. మామా కుర్చీ తొయ్యను. నాకు రిలీజ్ ఇయ్యి, వేరే ఇల్లు చూసుకుంటా.”

జాసిమ్ మొహం ఎర్రబడింది. ఈ ఇంటి ఉప్పు తిన్నావు, అది మరిచిపోకు అన్నాడు.

“ఆ ఉప్పు ఏసి వండింది నేనే,” అంది రెడ్డెమ్మ.

రిలీజ్ ఇచ్చేది లేదని చెప్పి వాడు వెళ్ళిపోయాడు. కఫీల్ సంతకం లేకుండా ఇల్లు మారితే పారిపోయిందని కేసు పెట్టొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. రెడ్డెమ్మ పారిపోలేదు. లుల్వా మందులు, స్నానం, తిండి ఎప్పటిలాగే చూసింది. జాసిమ్‌తో మాత్రం మాట్లాడటం మానేసింది. వాడు గాజు పెట్టెలో పెట్టిన ఉత్సవం కండువా, ఒక బంగారు గొలుసు పంపిస్తే పెట్టె విప్పకుండా తిప్పి పంపింది.

ఉత్సవం రోజున లుల్వా కుర్చీ తోయడానికి ఏజెన్సీ నుంచి వేరే అమ్మాయిని పిలిపించారు. కారు ఎక్కిస్తున్నప్పుడే లుల్వా, రద్దా ఏది, అని అడగడం మొదలుపెట్టింది. హాల్లో మంత్రులూ పెద్దలూ కూర్చున్నారు. సినిమా వేశారు. తెర మీద లుల్వా కిటికీ దగ్గర కూర్చుని ఓడ కథ చెబుతోంది. తెర కింద అసలు లుల్వా, రద్దాను పిలవండి, నాకు భయమేస్తోంది, అని ఏడుస్తోంది. మాల వేయడానికి వచ్చినాయన చేయి తోసేసింది. చివరికి సన్మానం మధ్యలోనే ఆపి ఆమెను ఇంటికి తీసుకురావలసి వచ్చింది.

జాసిమ్ ఇంట్లోకి వస్తూనే, వెంట వచ్చినవాళ్ళందరి ముందూ అరిచాడు. నా పరువు తీశావన్నాడు. రెడ్డెమ్మ లుల్వా చెప్పులు విప్పి కాళ్ళు ఒత్తుతూ కూర్చుంది. అది వాడిని ఇంకా మండించినట్టుంది. ఖలాస్, పో, రేపే సంతకం పెడతాను అన్నాడు. మర్నాటికి కోపం చల్లారేది కాబోలు, రెడ్డెమ్మ ఆ అవకాశం ఇవ్వలేదు. పొద్దున్నే తయారై వాకిట్లో నిలబడింది. అందరి ముందూ అన్న మాట వాడు వెనక్కి తీసుకోలేకపోయాడు. రిలీజ్ మీద సంతకం పెట్టాడు.

బాసిత్ ముష్రిఫ్‌లో ఒక టీచరమ్మ ఇల్లు చూసిపెట్టాడు. వాళ్ళింట్లో పని తక్కువ. శుక్రవారం సెలవు. ముప్పై ఏళ్ళలో రెడ్డెమ్మకు వారానికి ఒక సెలవు దొరకడం అదే మొదలు. శుక్రవారాలు ఆమె అల్ రాయ్ పోయి బాసిత్ షాపులో, వాళ్ళావిడ షగుఫ్తా పంపిన అన్నం మా అందరితో కలిసి తినేది. ఒక శుక్రవారం బాసిత్ ఉండబట్టలేక అడిగాడు.

“అక్కా, వాళ్ళ మీద కేసేద్దామా? పేపరోళ్ళకు చెప్దామా? నేను సాక్షం చెప్తా.”

“చెప్పి ఏం జేస్తావ్ అబ్బయా? నమ్మేటోళ్ళు నమ్ముతారు, నవ్వేటోళ్ళు నవ్వుతారు. నేను పేరు కోసం పోట్లాడలే. వాడి మొహమ్మీద చెప్పినా, సాలు.”

బాసిత్‌కు అది చాలలేదు. నాకూ చాలలేదు.

రెండు నెలల తరువాత, ఒక శుక్రవారం మధ్యాహ్నం, జాసిమ్ కారు ఆ షాపు ముందు ఆగింది. టైర్ల మధ్య తెల్ల దుస్తులతో ఎక్కడ నిలబడాలో తెలియక వాడు తలుపు దగ్గరే ఉండిపోయాడు. బాసిత్ కూర్చోమనలేదు. మామా అన్నం తినడం లేదు, ఇద్దరు పనిమనుషులు మారారు, ఎవరు ముద్ద పెట్టినా ఉమ్మేస్తోంది, ఒకసారి వచ్చి చూడమని రెడ్డెమ్మను అడిగాడు. మళ్ళీ పనిలోకి వస్తే ఏం కావాలన్నా ఇస్తానన్నాడు.

పోవొద్దని బాసిత్ కళ్ళతోనే చెప్పాడు. రెడ్డెమ్మ చేయి కడుక్కుని లేచింది. లుల్వా తనను కొట్టింది నిజమే. ఇన్నేళ్ళు తన చేతుల్లో ముసలిదైందీ నిజమే. ముద్ద దిగక పడి ఉన్న మనిషి మీద ఆమెకు పగ రాలేదు.

“పనికి రాను బాబా. చూట్టానికి వస్తా. ముందు వాకిట్లోంచి వస్తా, పోతా. బాసిత్ తీసుకొస్తాడు, బయట ఉంటాడు,” అంది.

ఆ ఇంటి ముందు తలుపు గుండా ఆమె లోపలికి నడవడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ పక్క సందులోంచి వంటింట్లోకి పోయేది. హాల్లో సోఫా మీద కూర్చుంది. కొత్తగా వచ్చిన శ్రీలంక అమ్మాయి టీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. రెడ్డెమ్మ ఆ అమ్మాయి పేరు అడిగి, పక్కన కూర్చోమంది. ఆ పిల్ల జాసిమ్ మొహం చూసి కూర్చోలేదు.

లుల్వా కుర్చీ తోసుకొచ్చారు. చిక్కి సగమైపోయింది. రెడ్డెమ్మ గిన్నెలో అన్నం కలిపి ముద్ద పెడితే నోరు తెరిచింది. మూడు నాలుగు ముద్దలు తిన్నాక, ఆ రోజు జ్ఞాపకం ఉన్న రోజు కాబోలు, నెమ్మదిగా అంది.

“ఆ కిటికీలోంచి అంత గట్టిగా అరిచేదానివి. పక్కింటివాళ్ళు వచ్చి గోల పెట్టేవాళ్ళు. నీవల్ల నేను ఎన్ని మాటలు పడ్డానో.”

జాసిమ్ అక్కడే నిలబడి విన్నాడు. లుల్వా నోట్లో క్షమాపణ లేదు, ఆ వయసులో కూడా ఫిర్యాదే. కానీ అరిచింది ఎవరో అందులో ఉంది.

“నాకెందుకు చెప్తావు మామా? నీ కొడుక్కు చెప్పు,” అంది రెడ్డెమ్మ.

లుల్వా కొడుకు వైపు తిరిగి, నీకు తెలియదా ఏమిటి, నువ్వూ అక్కడే ఉన్నావుగా, అంది. వాడు నేల చూపులు చూశాడు. సినిమాలో మార్పు చేయిస్తానని అప్పుడు గొణిగాడు. రెడ్డెమ్మ మిగతా అన్నం తినిపించి, మూతి తుడిచి, ముందు తలుపు గుండానే బయటికి వచ్చింది.

ఇప్పుడు ఆమె ప్రతి శుక్రవారం ఒక గంట వెళ్ళి లుల్వాకు అన్నం పెట్టి వస్తోంది. జీతానికి కాదు. ముసలామె తినాలి, అంతే. సినిమా మాత్రం మారలేదు. క్లబ్ మ్యూజియంలో ముత్యాల ఓడ బొమ్మ కింద ఆ కేక కథ అలాగే ఉంది, బడిపిల్లలను వరసగా తీసుకొచ్చి చూపిస్తున్నారు. జాసిమ్‌ను మార్పు గురించి రెడ్డెమ్మ మళ్ళీ అడగలేదు. వాడు తనంతట తాను చెప్పాలి, లేకుంటే ఆ బరువు వాడే మోసుకోవాలి అంటుంది.

ఆమె అంత ఓపిక నాకు లేదు. ఆ కండువా మెడలో వేసుకుని అరిచే తెలుగువాళ్ళు కూడా కువైట్‌లో వందల మంది ఉన్నారు. తమ మాటే తాము అరుస్తున్నామని వాళ్ళకైనా తెలియాలి. జాబ్రియాలో ఒక వంటింట్లోంచి, చెప్పుదెబ్బ తిన్న మర్నాడు కూడా ఆపకుండా ఆ మాట అరిచిన మనిషి పేరు రెడ్డెమ్మ. కోడూరు రెడ్డెమ్మ.